కొట్టని మూడు దెబ్బలు

‘ఉల్టా హండా’ నవల, తొమ్మిదో భాగం

పోయిన వారం మనం కథను జంషెడ్‌పూర్‌లోని కద్మాలో, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటల ఎండలో, పెరట్లో బట్టలారేసే తీగ దగ్గర వదిలేశాం. తీగకి క్లిప్పులు పెట్టి వేలాడదీసింది చీర కాదు, పల్చటి బటర్ పేపరు. ఇటువైపు యోగిత, అటువైపు ఆమె నానమ్మ చిన్నమ్మి. ఆ కాగితం మీది గీతలేమిటో తెలియక యోగిత ఆర్నెల్లుగా బుర్ర బద్దలు కొట్టుకుంటోంది. చిన్నమ్మి అటువైపు నుంచి కళ్ళు చికిలించి చూసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఒకే ఒక్క మాట పైకి చదివింది.

ఆ మాట చెప్పేముందు, ఇవాళే కథలోకి అడుగు పెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

యోగిత స్కూల్లో డ్రాయింగు టీచరు. ఆదివారాలు పొద్దున్నే పదిమందిని పోగేసి జంషెడ్‌పూర్‌లో పాత సిమెంటు కట్టడాలూ, కూడళ్ళలో నిలబెట్టిన శిల్పాలూ చూపిస్తూ తిప్పుతుంది. తిప్పడం మొదలెట్టేదాకా ఆ పిల్లకే తెలియదు, పుట్టి పెరిగిన ఊళ్ళో ఇన్ని ఉన్నాయని. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా. బిష్టుపూర్‌లో పాత ఆడిటోరియం ముందు నుంచి ఇరవయ్యేళ్ళు స్కూలు ఆటోలో వెళ్ళింది, వచ్చింది. విసనకర్ర మడతల్లా మడిచి పోసిన దాని సిమెంటు కప్పుని తలెత్తి చూసింది మాత్రం మొన్న మొన్ననే.

ఆ ఆడిటోరియం ముందుందే, అదే మన ఉల్టా హండా. పద్దెనిమిది అడుగుల ఇనప బొమ్మ. తల లేదు, చేతుల్లేవు, బానంత పొట్ట మాత్రం ఉంది. చేసిన శిల్పి ఏదో పేరు పెట్టాడుట గానీ, పేరున్న ఫలకం ఎవరో పీక్కుపోయారు. బోర్లించిన హండాలా ఉందని ఆటోవాళ్ళు ఉల్టా హండా అన్నారు, అదే స్థిరపడిపోయింది. దాని పొట్ట మీద, మనిషి ఛాతీ ఎత్తున, నరాల్లా ఉబ్బిన గీతలు కొన్ని ఉన్నాయి. అవి ‘ఆధునిక మానవుడి లోపలి అలజడి’ అని ఓ పండితుడు చిన్న పుస్తకంలో రాశాడు. పాపం, ఆయన రాసిన దాంట్లో ‘లోపలి’ అన్న మాట ఎంత నిజమో ఆయనకి తెలియదు.

రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మంగళవారం క్రేన్ వస్తుంది. ఉల్టా హండాని నాలుగు ముక్కలుగా కోసి తుక్కులోకి పంపేస్తారు. కనీసం గీతలైనా మిగుల్తాయని యోగిత వాటి మీద కాగితం పరిచి, మైనపు క్రేయాన్‌తో రుద్ది అచ్చు తీసుకొచ్చింది. ఆ అచ్చే తీగ మీద ఆరేసింది.

ఇక ఆ మాట.

“వత్తన్నా,” అంది చిన్నమ్మి.

యోగిత కాగితం పక్కనుంచి తల బయటికి పెట్టింది. “కహాఁ సే, నానమ్మా? నువ్వు ఇక్కడే ఉన్నావుగా.”

“నాను కాదే. ఇందల రాసుంది. వ. త్త. న్నా. వత్తన్నా.” చిన్నమ్మి కాగితం మీద వేలు పెట్టి చూపించింది. “ఈ ఉత్తరం నీకెవులిచ్చినారే?”

“ఉత్తరం కాదు. యే తో డిజైన్ హై. ఉల్టా హండాది.”

“డిజైను నేదు, గిజైను నేదు. నువ్వు తిరగేసి సూత్తన్నావు. ఇటొచ్చి సూడు.”

యోగిత అటు వెళ్ళి చూసింది. ఆమె చదివింది హిందీ మీడియం. తెలుగు నోటికి వచ్చు, కంటికి రాదు. ఎండలో వెనకనుంచి వెలుగుతున్న కాగితం మీద, మూడు గుండ్రటి ఆకారాలు ఓ వరసలో కుదురుగా కూర్చుని కనిపించాయి. ఆర్నెల్లుగా తను స్కెచ్ పుస్తకం నిండా గీసుకున్న ‘అలజడి’ ఒక్కసారిగా మాటయి కూర్చుంది. తన ఊళ్ళో, నడిబజార్లో, తన భాషలో, ఆటోలన్నీ చుట్టూ తిరిగే చోట.

చిన్నమ్మికి చదువు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఇరవై రెండేళ్ళ వయసులో, ఏడాది బిడ్డ సురేష్ చంకలో ఉండగా, ఆమె మొగుడు పోలరాజు ఓ సాయంత్రం ఇంటికి రాలేదు. వెల్డరు. ఊరి స్టేషను టాటానగర్‌లో విశాఖ బండెక్కి వెళ్ళిపోయాడన్నారు. ఎవర్నో ఉంచుకున్నాడన్నారు. ఊరు నోరు మూయడానికి మూకుడుంటుందా? చిన్నమ్మి ఎవరికీ జవాబు చెప్పలేదు. బొట్టు తీయలేదు. తను నిద్రపోయేదాకా వీధి తలుపు గడియ వేయనివ్వలేదు. ఆ ఏడే తెలుగువాళ్ళ సంఘంలో ఆడవాళ్ళకి అక్షరాలు నేర్పుతుంటే వెళ్ళి కూర్చుంది. మొగుడి దగ్గర్నుంచి ఉత్తరం వస్తే పరాయివాళ్ళ చేత చదివించుకోవడం ఇష్టం లేక.

నలభై ఏడేళ్ళు. ఉత్తరం రాలేదు.

“సురేషూ,” అని లోపలికి కేకేసింది. “ఇటొకపాలి రారా.”

సురేష్ కూడా వెల్డరే, కాంట్రాక్టు పని. ఆదివారం కునుకు చెడిన విసుగుతో లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. తల్లి చెప్పింది విన్నాడు, నమ్మలేదు. కళ్ళజోడు నుదుటి మీంచి దించి కాగితం దగ్గరికి వెళ్ళాడు. చూస్తూ చూస్తూ, సగం ఆవలింత అక్కడే ఆపేశాడు.

“ఇది బయటేసిన గీత కాదు. లోపల వెల్డింగు రాడ్డు పెట్టి కాల్చినారు. పల్చటి ప్లేటు కదా, లోపల కాలిత్తే బయటికి ఉబ్బుతాది. అందుకే బయటోళ్ళకి తిరగేసి కనపడతంది.”

“అంటే ప్లేటు బిగించక ముందు దాని వెనక రాశారా?” అంది యోగిత.

సురేష్ వేలితో కాగితం మీద ఓ నిలువు గీత వెంట పై నుంచి కిందికి వచ్చాడు. అక్షరాల నడుమ నుంచి పోతోంది ఆ గీత. “ఇది జాయింటు. హండాకి ఆఖరి ప్లేటు ఇక్కడ మూసినారు. అచ్చరం జాయింటు మీదికెక్కి అటుపక్కకి దాటింది. ముందే రాసుంటే ఇక్కడ తెగిపోవాల. తెగనేదు.”

“తో? అంటే?”

“జాయింటు మూసేక రాసినారు. లేదా మూత్తా ఉండగా. లోపల్నుంచి.”

యోగిత అడిగేసింది. అడక్కుండా ఉంటే బాగుండేది. “మరి రాసినవాడు బయటికెలా వచ్చాడు, పప్పా?”

సురేష్ కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. ఉల్టా హండా కట్టిన పనిలో తన తండ్రి ఉన్నాడని అతనికి తెలుసు. ఆ ఏడే వెళ్ళిపోయాడనీ తెలుసు. ఈ రెండు సంగతుల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాల్సిన పని ఇన్నాళ్ళూ పడలేదు.

“బళ్ళో ‘వస్తున్నా’ అని రాయిత్తారు,” అంది చిన్నమ్మి, కాగితం మీంచి చూపు తిప్పకుండా. “ఇది బడి రాత కాదు. మన నోటి మాట.”

సరిగ్గా అప్పుడే వీధి గేటు కిర్రుమంది. ఆదివారం మూడున్నరకి ఆ గేటు తీసేది ఒక్కడే మనిషి.

సన్యాసిరావు. డెబ్బై రెండేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయి, చేతిలో చేపల సంచీ. పోలరాజుతో పాటు శ్రీకాకుళం వైపు ఒకే ఊరి నుంచి, ఒకే రైల్లో ఈ పట్నానికి వచ్చినవాడు. ఇద్దరూ ఒకే కాంట్రాక్టరు దగ్గర చేశారు. పోలరాజుని రైలెక్కించి వచ్చానని కబురు తెచ్చిందీ ఇతనే. ఆ తర్వాత ఈ ఇంటికి పెద్ద దిక్కయ్యాడు. సురేష్‌కి రాడ్డు పట్టుకోవడం నేర్పాడు. ప్రతి ఆదివారం బొచ్చె చేప తెచ్చి అరుగు మీద పెట్టి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతాడు. నలభై ఏడేళ్ళలో ఆ ఇంట్లో ఒక్క అన్నం ముద్ద నోట్లో పెట్టలేదు. మొహమాటస్తుడు అనుకున్నారు అందరూ. మనమూ ఎనిమిది వారాలుగా అలాగే అనుకున్నాం.

“సన్నేసన్నా, ఇలాగ పెరట్లోకి రా,” అని పిలిచింది చిన్నమ్మి. “ఇది సదివి సెప్పు.”

అతను సంచీతోనే వచ్చాడు. ఆమె నిలబడ్డ చోటే, కాగితం వెనక్కి వచ్చి నిలబడ్డాడు. తలెత్తి చూశాడు. చదవడానికి ఎంతసేపు పడుతుంది, మూడక్షరాలు. అతని పెదాలు కదిలాయి, ఆగాయి. ముఖంలో ముందు కనబడింది భయం కాదు, అయోమయం. ఇంట్లో తాళం పెట్టిన చోట తాళం లేకపోతే మనిషి ఎలా చూస్తాడో అలా చూశాడు.

“ఇదేటి,” అన్నాడు. “రొండే కదా ఉండాల.”

 అన్న మాట తన చెవినే పడ్డాక సన్యాసిరావుకి కూడా అర్థమైంది, తను ఏం అన్నాడో. చేపల సంచీ జారి కింద పడింది.

“రొండు అచ్చరాలే ఉండాలని నీకెలా తెలుసు?” అంది చిన్నమ్మి. గొంతు పెంచలేదు. కూర పొయ్యి మీద ఎంతసేపుందని అడిగినట్టు అడిగింది.

“సెల్లీ...”

“నాను సెల్లిని తర్వాత. ముందు సెప్పు. టాటానగర్‌లో రైలెక్కించేనన్నావు. కిటికీ కాడ కూకున్నాడన్నావు. వత్తన్నానని నాకు సెప్పమన్నాడన్నావు. ఆ మాట పట్టుకునే కదా నాను బతికింది. అయ్యన్నీ ఏటి?”

సన్యాసిరావు అక్కడే, చాకలి బండ మీద కూలబడ్డాడు.  మాటలు ఎవరికో కాదు, తన మోకాళ్ళకి చెప్పుకుంటున్నట్టు చెప్పాడు.

“రైలు అబద్దం. కిటికీ అబద్దం. వత్తన్నా అన్నాడే, ఆ ఒక్కటే నిజం.”

అతను చెప్పింది ఇది. ఆ రోజుకి మర్నాడే హండా ప్రారంభోత్సవం. కాంట్రాక్టరు మెడ మీద కూర్చున్నాడు. హండా లోపల పోలరాజు అతుకులు వేస్తున్నాడు, బయట సన్యాసిరావు కాపలా. ఇప్పటిలా ఫోన్లు, రేడియోలు లేవు. లోపలికి మనిషి దిగితే వాళ్ళకో పద్ధతి ఉండేది. బయటివాడు సుత్తితో మూడు దెబ్బలు కొట్టాలి: ఉన్నావా? లోపలివాడు రెండు కొట్టాలి: ఉన్నాను. ఆ తర్వాత లోపల్నుంచి ఒక్కటి కొడితే: తెరువు. ఆఖరి ప్లేటు మూసేముందు మూడు కొట్టి, జవాబు రాకపోతేనే మూయాలి.

“నాను కొట్టనేదు,” అన్నాడు సన్యాసిరావు. “జనరేటరు మోత. ఆడిటోరియంలో బేండోళ్ళు మైకు కట్టుకుని వాయించుకుంటన్నారు. ఆ మోతలో ఆడి గొంతు ఇనపడింది. వత్తన్నా, అన్నాడు. మనోళ్ళు ఎల్లిపోయేటప్పుడు ఏటంటారు? పోతన్నానని ఎవులైనా అంటారా? వత్తన్నా అనే అంటారు. డ్యూటీ దిగి ఇంటికెల్లిపోతన్నాడనుకున్నాను. నాను రాడ్డు కోసం అటు తిరిగినప్పుడు దిగిపోనాడనుకున్నాను. సరే ఎల్లు, అని నానూ అరిసేను.”

యోగిత ఆ మాట లోలోపల అని చూసుకుంది. రోజుకి పదిసార్లు తనూ అనే మాట. గుమ్మం దాటుతూ, చెప్పులేసుకుంటూ, ఫోను పెట్టేస్తూ. వెళ్ళేవాళ్ళు కూడా వస్తున్నాననే చెప్పే భాష తనది. ఆగు, బయటికి వస్తున్నా అని ఒకడు అంటే, వెళ్ళొస్తా అన్నాడని ఇంకొకడు విన్నాడు. తెలుగు రానివాడైతే ఈ తప్పు చేసేవాడే కాదు.

“తర్వాత?” అన్నాడు సురేష్. 

“ప్లేటు మూసేను. నల్లద్దం మొకానికి ఉంది, మంట తప్ప నాకేటీ కనపడదు. జనరేటరు ఆపేను. ఆడి కేబులు అడుగు కన్నంలోంచి లాగేను. ఒక్కపాలి బిగిసింది.” సన్యాసిరావు తన కుడి చెయ్యి చూసుకున్నాడు. “ఎవులో పట్టుకున్నట్టు. తర్వాత వదిలేసింది. మడత పడిందేమో అనుకున్నాను. లోపల పొగకి సొమ్మసిల్లిపోనాడని నాకేటి తెలుసు. ఆ సాయంత్రమే అడుగున కాంక్రీటు పోసేసినారు.”

“ఎప్పుడు తెలిసింది?” అంది చిన్నమ్మి.

“మూడో నాడు. నువ్వు బిడ్డనెత్తుకుని, ఇంటికి రానేదన్నా, అని నా కాడికొచ్చినావు సూడు, అప్పుడు. పరిగెత్తుకెల్లి సూత్తే, పొట్ట మీద రొండు అచ్చరాలు ఉబ్బి ఉన్నాయి. వ. త్త. అక్కడితో ఆగిపోనాయి. నాను జనరేటరు ఆపేసినాను కదా.” అతను తల కొట్టుకున్నాడు, గట్టిగా కాదు, అలసటగా. “నోటితో అన్న మాటే నిప్పుతో రాసినాడు, నాకు కనపడాలని. ఒకపాలి తప్పుగా ఇన్నాను. రొండోపాలి సూడనేదు. అప్పటికి మూడు రోజులైపోనాది సెల్లీ. తెరిత్తే నన్ను ఉరి తీత్తారని భయమేసింది.”

చిన్నమ్మి ఏడవలేదు. నుదుటి మీద బొట్టు దగ్గరికి చెయ్యి వెళ్ళింది, తాకకుండా ఆగిపోయింది. నలభై ఏడేళ్ళుగా ఆ బొట్టు కోసం లోకంతో పోట్లాడింది. మొగుడొదిలేసిన దానివి అంటే మాట పడింది. ఇప్పుడు ఈ ముసలాడు చెప్పేది నిజమైతే, తను ఇరవై రెండో ఏట నుంచే విధవ. కాకపోతే, ఇంకా ఎదురుచూడాల్సిన ఇల్లాలు. రెండిట్లో తను ఏది? అది తెలిసేది ఒక్క చోటే, ఆ హండా పొట్టలోనే. దాన్ని ఎల్లుండి ముక్కలు చేసి తుక్కు గుట్టలో పడేస్తారు.

“రెండక్షరాలే అన్నావు తాతా,” అంది యోగిత నెమ్మదిగా. “ఇక్కడ మూడున్నాయి.”

“అదే నాకూ తెలీదమ్మా. ప్రతి ఆదివారం ఈ ఇంటికొచ్చే ముందు అక్కడికెల్లి సూసొత్తాను. చలికాలం నుంచి మోకాళ్ళు రానీక ఎల్లనేదు. నాను సూసినన్నాళ్ళూ రొండే.”

యోగిత లోపలికి పరిగెత్తింది. మంచం కింద కాగితాలు చుట్టిపెట్టే గొట్టంలోంచి జనవరిలో తీసిన మొదటి అచ్చు బయటికి లాగింది. కొత్తది తీశాక దాన్ని పక్కన పడేసింది, ఓ పక్క సరిగ్గా పడలేదని, తనే క్రేయాన్ గట్టిగా నొక్కలేదేమోనని. తెచ్చి తీగ మీద రెండో కాగితం పక్కన పెట్టింది. కింద మూలన తుప్పు మచ్చ ఒకటి రెండింటిలోనూ అదే చోట ఉంది. పైన నిలువు జాయింటు అదే చోట ఉంది.

జనవరి కాగితంలో రెండక్షరాలు. మూడోది ఉండాల్సిన చోట ఇనుము నున్నగా, మైనం సమంగా పరుచుకుని ఉంది. నొక్కకపోవడం కాదు. అప్పటికి అక్కడ ఏమీ లేదు.

“మిగతా ముక్క ఇప్పుడు రాసినాడు,” అంది చిన్నమ్మి.

సురేష్ తలపట్టుకున్నాడు. “అమ్మా, అలా మాటాడకు. ఎండకి ప్లేటు ఉబ్బి ఉంటాది. పాత ఇనుము. రేపు సోమవారం, ఆఫీసు తీత్తారు. నాను పోలీసుల కాడికెల్లి, అంతా రాసిచ్చి, ఆళ్ళ ముందరే తెరిపిత్తాను.”

“అలాగే సెయ్యి. రేపు సెయ్యి. ముందు ఇయాల పిలిసి సూద్దాం.” ఆమె కొంగు దులిపి నడుముకి దోపుకుంది. “పిలవకుండా ఎవుళ్ళ తలుపూ తియ్యకూడదు. పద సన్నేసన్నా.”

“నాను రాను సెల్లీ. నా వల్ల కాదు.”

“నువ్వే రావాల. ఆ పని నీది. నువ్వు సెయ్యకుండా వదిలేసిన పని.”

ఐదు దాటాక నలుగురూ ఒకే ఆటోలో బిష్టుపూర్ వెళ్ళారు. డ్రైవరుకి యోగిత అలవాటు కొద్దీ, “భయ్యా, ఉల్టా హండా,” అని చెప్పింది.  ఇన్నాళ్ళూ తాము దేన్ని గుర్తుగా పెట్టుకుని దిగుతున్నారో, దేని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతున్నారో ఆమెకి గుర్తొచ్చింది. పోయిన ఆదివారమే పదిమందికి ఆ గీతల్ని తడిమి చూడమని తనే చెప్పింది. ఓ పెద్దావిడ, “ఇక్కడ కాస్త వెచ్చగా ఉంది కదా,” అంది. ఎండకి అని నవ్వేశారు అందరూ.

ఎండ ఇంకా పోలేదు గానీ, ఆడిటోరియం కప్పు మడతల నీడ అప్పుడే హండా మీదికి జారింది. గోడలోని సిమెంటు జాలీ కన్నాల్లోంచి వచ్చే వెలుగు నేల మీద చిల్లుల దుప్పటిలా పరుచుకుంది. రోడ్డుకి అవతల పానీపూరీ అమ్మే గుప్‌చుప్ బండి చుట్టూ పిల్లలు మూగారు. హండా చుట్టూ క్రేన్ వాళ్ళు కట్టిన ఎర్ర రిబ్బను గాలికి కొట్టుకుంటోంది. చిన్నమ్మి దాన్ని చేత్తో ఎత్తిపట్టి, గుమ్మంలో వంగినట్టు వంగి లోపలికి దూరింది. ఈ ఊళ్ళో యాభై ఏళ్ళుగా ఉన్నా, ఆమె దాన్ని ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు.

టిక్, అంది ఇనుము. కాసేపాగి, ఇంకో మూల నుంచి, టిక్.

సన్యాసిరావు సురేష్ భుజం గట్టిగా పట్టుకున్నాడు.

“చల్లారతంది,” అన్నాడు సురేష్. “పగలంతా కాగింది కదా. నీడ పడితే ప్లేటు ముడుచుకుంటాది, అప్పుడిలాగే సౌండొత్తాది. నువ్వే కదా మామా నాకు నేర్పింది.”

టిక్. టిక్. అక్కడొకటి, ఇక్కడొకటి, లెక్కా జమా లేకుండా. సురేష్ చెప్పింది నిజమే. యోగిత అది విని ఊపిరి వదిలింది. దగ్గరికెళ్ళి మూడో అక్షరం మీద అరచెయ్యి ఆనించింది. చుట్టూ ఇనుము చల్లబడుతోంది. అక్షరం మాత్రం, అప్పుడే దించిన అట్లపెనం అంచులా ఉంది. చెయ్యి తీసేసింది. ఎవరికీ చెప్పలేదు.

సురేష్ తన సంచీలోంచి చిన్న సుత్తి తీశాడు, వెల్డింగు మీద పెంకు రాల్చేది. చిన్నమ్మి దాన్ని అందుకుని సన్యాసిరావు చేతిలో పెట్టింది. అతని వేళ్ళు ముడవకపోతే, తనే ఒక్కో వేలూ ముడిచింది.

“ఆ రోజు కొట్టని మూడు దెబ్బలు ఇప్పుడు కొట్టు.”

“జవాబు రాకపోతే?”

“రాకపోతే రేపు పోలీసులొచ్చి తెరుత్తారు. ఉన్నదేదో నాను తీసుకెల్లి కాలుత్తాను. బొట్టు నా సేత్తో నానే తీసేత్తాను. నిన్నేమీ అనను.” ఆమె అతని చేతిని ఇనుము వైపు తిప్పింది. “కొట్టన్నా. నలభై ఏడేళ్ళు ఆగినాను.”

సన్యాసిరావు ఏడుస్తూనే చెయ్యెత్తాడు. ఏడ్చేవాడి చెయ్యి వణకాలి, కానీ సుత్తి పట్టుకున్నాక ఆ చెయ్యి వణకలేదు. పని నేర్చిన చెయ్యి, దానికి దుఃఖం తెలియదు.

ఠంగ్. ఠంగ్. ఠంగ్.

మోత పొట్టంతా తిరిగి, పైకెక్కి, మెల్లగా ఆరిపోయింది. గుప్‌చుప్ బండి దగ్గర పిల్లలు ఇటు తిరిగి చూశారు. యోగిత లోపల లెక్కపెట్టుకుంటోంది, పది, పదకొండు, పన్నెండు. ఇంతసేపూ చిటపటమంటున్న ఇనుము అసలు చప్పుడే చేయడం మానేసిందని ఆమెకి ఇరవై దగ్గర తట్టింది. ఒక్క టిక్కు కూడా లేదు. ఎవరో మాట్లాడబోతుంటే గదిలో అందరూ ఆగినట్టు ఆగింది.

ముప్పై అయింది. చిన్నమ్మి తల వంచుకుంది. చెయ్యి మళ్ళీ నుదుటి దగ్గరికి వెళ్ళింది, ఈసారి వేలు బొట్టుని తాకింది. సురేష్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, పోదాం పదమ్మా, అన్నాడు. ఆమె సరేనంది. వెనక్కి తిరుగుతూ, ఏ ఇంటి నుంచి వెళ్ళేటప్పుడైనా అనే అలవాటు మాటే ఆమె నోట వచ్చింది.

“వత్తన్నా,” అంది హండాతో.

ఠంగ్. ఠంగ్.

రెండు. లోపల్నుంచి. మనిషి ఛాతీ ఎత్తున, అక్షరాల వెనక నుంచి.

సన్యాసిరావు చేతిలోంచి సుత్తి జారి నేల మీద పడింది. సురేష్ నోరు తెరిచాడు. చల్లారే ఇనుము గురించి అతనికి తెలిసిన దేంట్లోనూ ఈ లెక్క లేదు. యోగిత తండ్రి చెయ్యి పట్టుకుంది. చిన్నమ్మి మాత్రం కదల్లేదు. ఇంకొకటి రావాలని ఆమెకి తెలుసు. మధ్యాహ్నమే కదా విన్నది ఆ పద్ధతి.

వచ్చింది. ఒక్కటి.

చిన్నమ్మి బొట్టు మీది వేలు తీసేసింది. నడుముకి దోపిన కొంగు విప్పి, భుజం మీంచి నిండుగా కప్పుకుని, చెదిరిన జుట్టు చెవి వెనక్కి సర్దుకుంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

“సురేషూ, తలుపు తియ్యరా,” అంది. “మీ అయ్య వత్తన్నాడు.”